చల్లని ఇల్లు కూడా పునరావాసంలో భాగమే

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి, గృహనిర్మాణ, ఇంధన శాఖల మంత్రివర్యులకు, శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి రాస్తున్న బహిరంగ లేఖ.



ప్రభుత్వ కాగితాల్లో మా తీరపు ఊరు భావనపాడు పేరు రెండుసార్లు గట్టిగా వినబడింది. మొదటిసారి కరెంటు కోసం. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం తలపెట్టినప్పుడు దాన్ని భావనపాడు ప్రాజెక్టు అనే పిలిచారు. నీరు నిలిచి చేపా పక్షీ బతికే తంపరను వదులుకోలేమని ఊళ్లకు ఊళ్లు ఎదురు నిలిచాయి. 2011 ఫిబ్రవరి 28న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది సోంపేట బీల (చిత్తడి నేల) కోసం జరిగిన పోరాటంలోనూ తూటాలే పేలాయి. రెండోసారి ఆ పేరు పోర్టు కోసం వినబడింది. భావనపాడు పోర్టుగా మొదలైన ఆ ప్రాజెక్టు మూలపేట పోర్టుగా పేరు మారి, 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకుంది. దానికోసం మూలపేట, విష్ణుచక్రం గ్రామాల వారు ఇళ్లు వదులుకోవాల్సి వచ్చింది. వారికి నౌపడ దగ్గర పునరావాస కాలనీ ఇస్తామన్నారు.

నేను ఈ తీరంలో ఇళ్లు కట్టించే ఇంజినీరును. పోర్టు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ ఉత్తరంలో తీసుకురాను. ఆ కాలనీలో కట్టే ఇంటి గురించి, ఈ తీరం పొడవునా ప్రభుత్వ డబ్బుతో లేచే ప్రతి చిన్న ఇంటి గురించి మాట్లాడతాను. కరెంటు తయారీకి ఎవరి నేల పోతుందో ఈ మండలానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు కొంచెమే వాడుతూ మనిషికి హాయినిచ్చే ఇల్లు రాష్ట్రంలో మొట్టమొదట ఇక్కడే లేవాలని నా కోరిక.

మా ఎండ సంగతి ముందు చెప్పాలి. అనంతపురంలో ఎండ పొడిగా ఉంటుంది. రాత్రికి నేల చల్లారుతుంది. ఇక్కడ పాదరసం అంత ఎత్తుకు పోదు, కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, రాత్రయినా ఉక్క తగ్గదు. ఇలాంటి చోట ఒంటికి గాలి తగలడమే చల్లదనం. భావనపాడు పద్దెనిమిదిన్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, మళ్లీ జూలై ఆఖరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. అంటే ఇంటికి వేడి ప్రధానంగా పైకప్పు నుంచే దిగుతుంది. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ ఆ తర్వాతి లెక్క.

ఆ వేడిని ఎవరు ఎప్పుడు భరిస్తున్నారో కూడా చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. సరిగ్గా ఏడాదిలో అన్నిటికన్నా మండే ఆ రెండు నెలలూ మత్స్యకారుడు ఒడ్డునే ఉంటాడు. మిగతా రోజుల్లో తెల్లవారకముందే వేటకు పోయి వచ్చినవాడు పగలు నిద్రపోవాలి. ఆ నిద్ర మధ్యాహ్నం శ్లాబు కిందే. పోనీ సాయంత్రం నడుం వాల్చుదామంటే, పగలంతా మింగిన వేడిని శ్లాబు అప్పుడే కిందికి వదులుతుంటుంది. ఫ్యాను తిప్పితే అదే వేడిగాలి సుడి తిరిగి మీద పడుతుంది. అందుకే రేవు ఊళ్లలో జనం ఇంటి ముందు చెట్టు కిందో, దాబా మీదో నిద్రపోతారు. కట్టిన ఇంట్లో నిద్ర పట్టనప్పుడు ఆ ఖర్చు దేనికి?

2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్ల పథకం తీసుకోండి. 340 చదరపు అడుగులు, లక్షా ఎనభై వేల రూపాయలు, రాష్ట్రమంతటికీ ఒకటే ప్లాను. ఒక పడకగది, హాలు, వంటగది, మరుగుదొడ్డి, ముందు చిన్న వరండా. అనంతపురం పొడి ఎండకూ మా ఉప్పుగాలికీ అదే బొమ్మ. వలలు ఎక్కడ పెట్టుకోవాలి, చేపలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి, పగటి నిద్రకు నీడ ఎటు ఉండాలి అని ఆ కాగితం అడగదు. ఉప్పుమడుల్లో పనిచేసేవారి ఇల్లు వేరు, పడవవారి ఇల్లు వేరు, కొబ్బరితోట రైతు ఇల్లు వేరు. డబ్బున్నవాడు ఆర్కిటెక్టును పిలిపించుకుని తన బతుక్కి తగినట్టు గీయించుకుంటాడు. పేదవాడికి ఆ హక్కు ఎందుకు లేదు?

నియమాలు లేవని కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో నివాస గృహాల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. ఉక్కపోత ప్రాంతాల్లో ఇంటి నేల విస్తీర్ణంలో కనీసం ఆరోవంతు, అంటే 16.66 శాతం, బయటి గాలికి తెరుచుకునే కిటికీలు, తలుపులు, వెంటిలేటర్లు ఉండాలని అందులో ఉంది. 340 అడుగుల ఇంటికి ఆ లెక్కన దాదాపు 57 చదరపు అడుగులు రావాలి. పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది గనక సగమే లెక్కకొస్తుంది. రెక్కల కిటికీలో తొంభై శాతం లెక్కకొస్తుంది. పైకప్పు గుండా దిగే వేడికీ ఆ సంహిత హద్దు పెట్టింది, ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదని. ఏ పూతా ఏ పొరా లేని ఒట్టి శ్లాబు గుండా దిగే వేడి ఆ హద్దుకు రెండున్నర రెట్లు దాటుతుంది.

ఇంత మంచి నియమం ఎవరికి వర్తిస్తుంది? 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు. పల్లెలో పేదకు ఇచ్చింది సెంటున్నర, అంటే 61 చదరపు మీటర్లు. మూడు సెంట్లు ఇచ్చినా 121 మీటర్లే. ఏసీ కొనుక్కోగలిగినవాడి ఇంటిని సంహిత కాపాడుతోంది, ఫ్యాను బిల్లుకే ఆలోచించేవాడి ఇంటిని వదిలేసింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా ప్రైవేటు ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే తప్పనిసరి చేసింది. మనం ఆలస్యంగా మొదలుపెడుతున్నాం గనక, మొదలుపెట్టేది చిన్న ఇంటితో మొదలుపెడదాం.

ప్రభుత్వ ఇళ్లలో ఇది సాధ్యం కాదనేవారు రాజ్‌కోట్ వెళ్లి చూడాలి. అక్కడ స్మార్ట్ ఘర్-3 పేరుతో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 1,176 ఇళ్లు భవనాల్లో ఇంధన పొదుపు కోసం నడిచిన ఇండో-స్విస్ ప్రాజెక్టు సలహాతో కట్టారు. వేడిని ఆపే గోడలు, పైకప్పు, దాదాపు పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీలు, గాలి లాగే నిలువు మార్గాలు పెట్టారు. అదే ప్రాజెక్టు పద్ధతులను పేదల ఇళ్లలో వాడతామని మన రాష్ట్రం కూడా ఒకప్పుడు ప్రకటించింది. ఆ ప్రకటన మా ఊరి మేస్త్రి చేతిలోకి కాగితంగా రావాలి.

విదేశీ నమూనాల గురించి ఒక మాట. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో తొలి ‘పాసివ్ హౌస్’ లేచింది. గాలి చొరని గోడలు, మూడు పొరల అద్దాలు. చలి దేశానికి అది గొప్ప ఆలోచన. లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా మూసే ఇల్లు అది. మాది తెరిచే ఇల్లు కావాలి. అద్దాల గోడలు తెచ్చి భావనపాడులో పెట్టి, లోపల ఏసీ బిగించి, దానికి పచ్చ సర్టిఫికెట్ తగిలించడం నేను ఒప్పుకోను.

మా తీరానికి సొంత పాఠాలు ఉన్నాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో మొన్నమొన్నటి దాకా చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, నేలకు వంగిన తాటాకు చూరు. గుండ్రంగా ఉండడం వల్ల గాలివాన గోడను చుట్టి పోతుంది. లోతైన చూరు ఎండనూ జడివాననూ గోడదాకా రానివ్వదు. చెన్నై దగ్గర దక్షిణచిత్ర ప్రదర్శనశాలలో విశాఖ జిల్లా చుట్టిల్లును అపురూపంగా నిలబెట్టారు. తాటాకు మళ్లీ కప్పుకోమని ఎవరినీ అడగను. నిప్పు భయం, ఏటేటా కప్పే ఖర్చు తెలిసినవాడెవడూ అడగడు. ఆ చూరు చేసిన పనిని కొత్త ఇల్లు ఎలా చేస్తుందన్నదే నా ప్రశ్న.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. నీడ కోసం చూరు ముందుకు చాపితే తుపాను గాలి దాన్ని కిందినుంచి ఎత్తుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి ఎలా నేలకొరిగిందో, రేకులు ఎలా ఎగిరాయో అందరూ చూశారు. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన మా పక్కనే దాటింది. దీనికి మార్గం ఉంది. వరండా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా నిలబెట్టాలి. పెద్ద గాలికి పోతే వరండా పోతుంది, ఇల్లు నిలుస్తుంది. ఇంటి శ్లాబు సజ్జలు రెండడుగులకు మించక్కర్లేదు. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు తిప్పి, పడమటి గోడకు మరుగుదొడ్డి, వలల గది ఆనించాలి. కిటికీ ఎదురుగా కిటికీ ఉండాలి, ఒకటి సముద్రం వైపు, ఒకటి పెరటి వైపు. వాస్తు చూసుకునేవారు వంటగది ఆగ్నేయంలోనే పెట్టుకోనివ్వండి. కానీ ఇక్కడ సముద్రపు గాలి ఎక్కువగా ఆ దిక్కునుంచే వస్తుంది గనక పొయ్యి వేడి ఇల్లంతా పాకుతుంది. వంటగదికీ హాలుకూ మధ్య తలుపు పెట్టి, వేడి బయటికి పోయేలా పైన జాలీ ఇస్తే చాలు.

పైకప్పు మీద తెల్లటి పూత, లేదా పగిలిన పింగాణీ టైల్స్ తాపడం. శ్లాబులో పాత మంగళూరు పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించే పద్ధతిని లారీ బేకర్ కేరళలో వందల ఇళ్లలో చూపించారు. ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ఎలుకబోను కట్టడం ఇటుకను దాదాపు పావువంతు ఆదా చేస్తుంది, వేడినీ ఆపుతుంది. మా మేస్త్రులకు నేర్పితే నెలలో పట్టేస్తారు.

ఇక ఉప్పు. నౌపడలో ఉప్పు పండించే గాలే మా శ్లాబుల ఊచలను తింటుంది. సముద్రతీరంలో కాంక్రీటు కనీసం ఎం30 రకం, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని ఐఎస్ 456 చెబుతోంది. మా ఊళ్లలో ఇంచి కవరు కూడా దొరకని శ్లాబులు ఉన్నాయి. పదిహేనేళ్లకే పెచ్చులూడి మళ్లీ కట్టాల్సి వస్తే, ఆ సిమెంటుకూ ఇనుముకూ రెండోసారి కాలిన బొగ్గు ఎవరి ఖాతాలో రాస్తాం?

ఇంత చేశాక మిగిలేది ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు పదిహేను గంటలు, ఏడాదిలో ఎనిమిది నెలలు తిరిగితే ఒక్క ఫ్యానుకు 160 యూనిట్లు మిగులుతాయి. టన్నున్నర ఏసీ ఒకటి లాగే కరెంటుతో అలాంటి ఫ్యాన్లు యాభై తిరుగుతాయి. సౌర ఫలకాలు ఆ తర్వాత. శ్లాబు చల్లబరచకుండా పైన ఫలకాలు పెట్టి కింద ఏసీ నడిపించడం వరస తప్పిన పని.

డబ్బు ఎక్కడిదంటారు. ఇప్పుడు బిల్లులు బేస్‌మెంటు, రూఫ్ లెవెల్, శ్లాబు అంటూ మెట్లవారీగా ఇస్తున్నారు. కిటికీకి, నీడకు, పైపూతకు విడిగా పైసా లేదు. అందుకే లబ్ధిదారు మొదట తగ్గించేది కిటికీనే. ఆ వరసలో ఇంకో మెట్టు చేర్చండి. తెరిచే కిటికీలు కొలిచి, పైపూత చూసి ఇచ్చే బిల్లు. సంహితలోని పైకప్పు, కిటికీ నియమాలు రెండింటినీ ప్రభుత్వ సాయంతో కట్టే ఏ ఇంటికైనా, ఎంత చిన్న స్థలానికైనా వర్తింపజేస్తూ జీవో ఇవ్వండి. తీరానికి, మెట్టకు, ఏజెన్సీకి వేర్వేరుగా నాలుగైదు ప్లాన్లు ఇచ్చి, కుటుంబం కోరిన మార్పును గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటే అక్కడికక్కడ ఆమోదించే అధికారం ఇవ్వండి. ఉప్పుగాలి మండలాలకు కాంక్రీటు తేడా ఖర్చు అదనంగా మంజూరు చేయండి.

వచ్చే వేట నిషేధం మొదలయ్యేలోగా నౌపడ కాలనీలో రెండు ఇళ్లు పక్కపక్కన కట్టించండి. ఒకటి ఇప్పటి ప్లానుతో, ఒకటి నేను చెప్పిన పద్ధతిలో. రెండిట్లోనూ మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలే ఉంటాయి. గోడకు ఉష్ణమాపకం, కరెంటుకు మీటరు. రోజుకు మూడుసార్లు ఆ ఇంటి ఆడవాళ్లే చూసి రాస్తారు. ఆ అంకెలు జూన్ 14 తర్వాత కలెక్టరు కార్యాలయం గోడమీద అతికించండి. రెండో ఇంటి ప్లాను, కొలతలు, మేస్త్రికి అర్థమయ్యే బొమ్మలు గీసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను, రుసుము తీసుకోను.

ఇట్లు,
భావనపాడు తీరంలో ఇళ్లు కట్టించే ఒక ఇంజినీరు