అత్తరు ఒకటే, చేతులు వేరు

పిల్లలూ! చార్మినారు దగ్గర అత్తరు దుకాణాలను మీలో చాలామంది చూసే ఉంటారు. దుకాణదారు సన్నని గాజుకడ్డీని సీసాలో ముంచి మన మణికట్టు మీద రాస్తాడు. "వెంటనే కాదు, కాసేపు ఆగి వాసన చూడండి" అంటాడు. ఆ చిన్న మాటలో ఎంతో సైన్సు ఉంది. ఆగకుండా తొందరపడితే ఏమవుతుందో మా తరగతిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మా హైస్కూలు పటాన్‌చెరు, సంగారెడ్డి మధ్య ఉంది. రంజాన్ నెలలో ఒక రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి మల్లె అత్తరు సీసా తెచ్చింది. ఐదుగురు పిల్లలు చేతులకు రాసుకున్నారు. నలుగురి చేతుల మీద మల్లె వాసన వచ్చిందట. ఐదో అబ్బాయి చేయి వాసన చూసి, "వీడి మీద కంపెనీ వాసన వస్తోంది సార్!" అని అందరూ నవ్వారు. ఆ అబ్బాయి తండ్రి పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కార్మికుడు. నేను పిల్లలను గద్దించి పాఠం మొదలుపెట్టాను. మర్నాడు ఆ అబ్బాయి వెనక బెంచీలో కూర్చున్నాడు. సబ్బుతో తోమి తోమి అతని మణికట్టు ఎర్రగా కమిలిపోయి ఉంది. సైన్సు మాస్టారు గద్దించి ఊరుకోవడం చాలదని అప్పుడు నాకు తెలిసివచ్చింది.

అసలు ఒకే అత్తరు ఇద్దరి మీద వేరువేరుగా వాసన వేస్తుందా? వేస్తుంది. ఎందుకో చూద్దాం.

ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ పట్టణం అత్తర్లకు ప్రసిద్ధి. అక్కడ పాత పద్ధతిలో పూలను నీటితో పాటు రాగి పాత్రలో కాచి, ఆ ఆవిరిని చందన తైలం ఉన్న మరో పాత్రలోకి పంపి చల్లబరుస్తారు. అలా తయారైన అత్తరు ఒకే పదార్థం కాదు, అనేక పదార్థాల మిశ్రమం. వాటి అణువులు గాలిలోకి లేచి మన ముక్కును చేరితేనే మనకు వాసన తెలుస్తుంది. సాధారణంగా తేలిక అణువులు ముందు లేస్తాయి, బరువైనవి నిదానంగా లేస్తాయి. నిమ్మతొక్కలో ఉండే లిమొనీన్ అణుభారం 136. మల్లెలోనూ, మరెన్నో పూలలోనూ ఉండే లినలూల్‌ది 154. చందనంలోని శాంటలాల్‌ది 220. అందుకే నిమ్మ వాసన త్వరగా పోతుంది, చందనం గంటల తరబడి నిలుస్తుంది. రాసుకున్న ఐదు నిమిషాలకు వచ్చే వాసన, రెండు గంటల తర్వాత వచ్చే వాసన ఒకటి కావు.

ఇక చర్మం సంగతి. నీడపట్టున కూర్చున్న మనిషి మణికట్టు మీద చర్మం సుమారు 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉంటుంది. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన పిల్లవాడి చేయి అంతకన్నా వేడిగా ఉండవచ్చు. వేడి పెరిగితే బాష్పీభవనం పెరుగుతుందని మీరు చదువుకున్నారు కదా! ఆ చేతి మీద తేలిక అణువులు ముందే ఎగిరిపోయి బరువైన వాసన మిగులుతుంది. నూనె పదార్థం ఎక్కువగా ఉండే చర్మం సువాసన అణువులను తనలో కరిగించుకుని మెల్లగా వదులుతుంది. కొబ్బరినూనె రాసుకున్నా అంతే. ముందు వాడిన సబ్బు వాసన కూడా కలుస్తుంది. చెమటకు పుట్టుకతో దాదాపు వాసనే లేదు. చర్మం మీది సూక్ష్మజీవులు అందులోని పదార్థాలను విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. ఆ సూక్ష్మజీవులు ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కో తీరుగా ఉంటాయి.

వాసన చూసే ముక్కులు కూడా ఒక్క తీరువి కావు. వాసనను గుర్తించే గ్రాహకాలు మనిషిలో సుమారు 400 రకాలు ఉన్నాయి. వీటి జన్యువులను కనుగొన్నందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనే శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గ్రాహకాలలో మనిషికీ మనిషికీ కొద్దికొద్ది తేడాలుంటాయి.

ముక్కు కన్నా ముందే మోసపోయేది మనసు. 1899లో అమెరికాలో ఎడ్విన్ స్లాసన్ అనే ఆచార్యుడు తన తరగతిలో ఒక సీసాలోని ద్రవాన్ని దూది మీద పోశాడు. "దీని వాసన చాలా ఘాటు. వాసన తగిలినవాళ్లు చేయెత్తండి" అన్నాడు. ముందు వరుసలవాళ్లు మొదట ఎత్తారు. ఒక నిమిషంలో ముప్పాతికమంది చేతులెత్తారు. ముందు వరుసలో కొందరికి ఇబ్బందిగా ఉండటంతో ప్రయోగం ఆపవలసి వచ్చింది. ఇంతకీ సీసాలో ఉన్నది స్వేదనజలం, అంటే వాసన లేని నీళ్లు!

ఈ సంగతి గుర్తొచ్చి, ఒక శనివారం మేము మళ్లీ పరీక్ష చేశాం. ఆ ఐదుగురూ మంచినీళ్లతో చేతులు కడుక్కుని అరగంట నీడలో కూర్చున్నారు. ఒకే సీసాలోని అత్తరు అందరికీ సమానంగా రాశాం. పదిమంది పిల్లలు కళ్లకు రుమాలు కట్టుకుని ఒక్కొక్కరే వచ్చి, ఐదు చేతులూ వాసన చూశారు. "కంపెనీ వాసన ఎన్నో చేతి మీద ఉంది?" అని అడిగి, ఎవరి జవాబు వాళ్లను నా చెవిలో చెప్పమన్నాను. లెక్క చూస్తే ఆ అబ్బాయి చేతికి 2, అత్తరు తెచ్చిన అమ్మాయి చేతికే 3, మిగిలిన ముగ్గురికి 2, 2, 1 వచ్చాయి. ఏమీ తెలియకుండా ఊహించి చెప్పినా ఒక్కో చేతికి సగటున 2 రావాలి. తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది.

పదిమందితో చేసిన ఈ పరీక్ష చిన్నదే. చర్మానికీ చర్మానికీ తేడా లేదని దీనితో తేలదు. మొదటి రోజున ఆ చేతి మీద వాసన నిజంగానే వేరుగా ఉండి ఉండవచ్చు. కానీ దానికి ఆ అబ్బాయి ఇంటి పేరు, తండ్రి పని తగిలించడానికి మన దగ్గర ఏ ఆధారమూ లేదు. పరిశీలన ఒకటి, దానికి మనం చెప్పే కారణం మరొకటి. ఈ రెంటినీ కలిపేయడమే మేము చేసిన తప్పు.

"కార్మికుల బట్టలకు రసాయనాల వాసన అంటుకోదా సార్?" అని ఒకరు అడిగారు. అంటుకోవచ్చు. అయితే అది మనిషి గుణం కాదు, అతను పనిచేసే చోట గాలి గుణం. అలాంటప్పుడు అడగవలసింది ఆ గాలి గురించి. అక్కడా ముక్కును పూర్తిగా నమ్మకూడదు. మురుగు గుంతల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ప్రమాదకరమైనంత పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. దాన్ని పట్టింది ముక్కు కాదు, ప్రయోగశాలలోని పరికరం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. వాసనను బట్టి మనిషికి పేరు పెట్టకండి. వాసన లేదు కదా అని నీటినీ గాలినీ మంచివనుకోకండి. రెండుచోట్లా పరీక్షించాకే మాట్లాడండి.

ఈ సెలవుల్లో మీరే చేసి చూడండి. ఒక కాగితం ముక్క మీద, ఇద్దరి మణికట్ల మీద ఒకే అత్తరు చిటికెడంత రాయండి. గాయాలున్నచోట రాయవద్దు. మంట పుడితే వెంటనే కడిగేయండి. ఐదు నిమిషాలకు, అరగంటకు, రెండు గంటలకు వాసన చూసి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరికి తోచింది వాళ్లు రాసుకోండి. తర్వాత పోల్చి చూడండి. మీ పట్టికలు పత్రికకు రాసి పంపండి. పేర్లు వద్దు, ఒకటో చేయి, రెండో చేయి అని రాస్తే చాలు.