బడిలో వేయడంతో తీరిందా?

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే నాకు వచ్చే ఉత్తరాలలో ఒక తరహావి పెరుగుతాయి. “అల్లుడికి డల్లాసులో ఉద్యోగమయింది. అమ్మాయి పిల్లలను తీసుకుని జూలైలో వెళుతున్నది. మనుమణ్ణి అక్కడ బడిలో వేయాలంటే డొనేషను ఎంత కట్టాలి? పిల్లవాణ్ణి ఇంటర్వ్యూ చేస్తారా? తెలిసినవారి చేత చెప్పించాలా?” అని. అడిగేవారు ఎక్కువగా అమ్మమ్మలే. ఎల్.కె.జి. సీటు కోసం మన ఊళ్ళలో పడే పాట్లు చూసిన కళ్ళకు ఆ బెంగ ఉండడంలో వింతేమీ లేదు.

ముందు ధైర్యం చెప్పే మాట చెపుతాను. అక్కడి ప్రభుత్వ బడికి డొనేషను లేదు, ఫీజు లేదు, ఇంటర్వ్యూ లేదు, సిఫార్సు అసలే లేదు. దానిని వాళ్ళు ‘పబ్లిక్ స్కూలు’ అంటారు. మన దగ్గర ఆ పేరుతో బోర్డు కట్టిన బడులలో చాలావాటికి పబ్లిక్కుతో ఉన్న సంబంధం ఫీజు వసూలు వరకే గనుక, ఆ మాట విని కంగారుపడకండి. అక్కడ పబ్లిక్ అంటే నిజంగా అందరిదీ అనే అర్థం. కావలసింది ఒక్క చిరునామా.

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి గనుక, మనవాళ్ళు విరివిగా చేరుతున్న టెక్సాస్‌నే ముందుంచుకుని చెపుతాను. అమెరికా మొత్తం మీద 13 వేల దాకా స్కూలు డిస్ట్రిక్టులున్నాయి. ఒక్క టెక్సాస్‌లోనే వేయికి పైగా ఉన్నాయి. డిస్ట్రిక్టు అంటే మన జిల్లా కాదు సుమా! కొన్ని బడులను కలిపి నడిపే చిన్న స్థానిక ప్రభుత్వమది. దానికి సొంత పన్ను, సొంత ఎన్నికలు, సొంత బోర్డు. ఊరి మునిసిపాలిటీకీ దానికీ సంబంధం లేదు. పొలిమేరలు కూడా వేరు. డల్లాసు పక్కన ఫ్రిస్కో డిస్ట్రిక్టునే చూడండి. అది ఫ్రిస్కోతో ఆగక ప్లేనో, మెకిన్నీ ఊళ్ళలో కొంత భాగాన్ని కలుపుకుంటుంది. ఫ్రిస్కో ఊళ్ళోనేమో కొన్ని వీధులు వేరే డిస్ట్రిక్టుల కింద ఉన్నాయి. కాబట్టి ‘ఫలానా ఊళ్ళో ఇల్లు’ అని అద్దె కాగితం మీద సంతకం చేసేయకూడదు. ఇంటి నంబరుతో సహా డిస్ట్రిక్టు వారిని అడిగి, ఆ ఇంటికి ఏ బడి వస్తుందో తేల్చుకున్నాకనే చేయాలి. అద్దె ఇల్లయినా సొంత ఇల్లయినా హక్కు ఒకటే.

ఇక కాగితాలు. ఇంటి అద్దె పత్రమో కరెంటు బిల్లో, తల్లి లేక తండ్రి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, పిల్లవాడి పుట్టిన తేదీ సర్టిఫికెట్టు లేదా పాస్‌పోర్టు, టీకాల కార్డు, ఇక్కడి బడి రికార్డులు. పాత రికార్డు ఏదైనా చేతిలో లేకపోతే తెచ్చి ఇవ్వడానికి 30 రోజుల గడువుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు గాని, లేకపోతే బడివారే వేరే నంబరు ఇస్తారు. వీసా పొడిగింపు కాగితం ఇంకా చేతికి రాలేదని పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టే తల్లిదండ్రులున్నారు. అలా చేయనక్కరలేదు. ఈ టెక్సాస్‌లోనే టైలర్ అనే ఊరి డిస్ట్రిక్టు, కాగితాలు లేని పిల్లల దగ్గర ఫీజు వసూలు చేయబోతే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వలస కాగితాలను బట్టి బిడ్డకు చదువు నిరాకరించరాదని 1982లో తీర్పయింది. ఒకే ఒక్క ఓటు తేడాతో వచ్చిన తీర్పది.

అలాగని టూరిస్టు వీసా మీద మేనల్లుణ్ణి పంపించి, అత్తగారింట ఉంచి చదివిద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. బడివారు అడగకపోవచ్చు గాని, ఆ వీసా మీద చదువులో చేరడం వీసా నిబంధనలకు విరుద్ధం. తరువాత పిల్లవాడి ప్రయాణాలకే అడ్డు తగులుతుంది. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీదనో, చదువు వీసా మీదనో వెంట వెళ్ళిన పిల్లలకు ఆ చిక్కు లేదు.

టీకాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. “మా వాడికి అన్నీ వేయించాం” అంటారు. ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో వేసేది తట్టు, రుబెల్లాలకు. అక్కడి బడి గవదబిళ్ళలకు కూడా వేయించారా అని అడుగుతుంది. ఆటలమ్మకు రెండు మోతాదులు, హెపటైటిస్ ‘ఎ’ కి రెండు మోతాదులు అడుగుతుంది. ఇవి మన ఉచిత టీకాల పట్టికలో లేవు. ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళి వేయించుకుని, తేదీలన్నీ ఇంగ్లీషులో వ్రాయించి సంతకం, ముద్ర తీసుకోండి. అన్నీ పూర్తి కాకపోయినా, ప్రతి టీకాకూ మొదటి మోతాదు పడి, మిగతావి వేళకు వేయిస్తుంటే బడిలో కూర్చోనిస్తారు. కొన్నిచోట్ల క్షయ పరీక్ష కూడా అడుగుతారు. పుట్టగానే మనం వేయించే బి.సి.జి. వల్ల చేతి మీద చేసే పరీక్షలో వాపు రావచ్చు. “బి.సి.జి. వేయించాం, రక్తపరీక్ష చేయండి” అని డాక్టరుతో చెప్పండి.

పేరు దగ్గర మరో తిరకాసు ఉంది. మున్సిపల్ సర్టిఫికెట్టులో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనక ఉంటుంది, బడి రికార్డులో ఒక పొడి అక్షరమై ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన పిల్లల వీసా మీదనైతే ‘పేరు తెలియదు’ అనే అర్థంలో ఎఫ్.ఎన్.యు. అనే మూడక్షరాలు అచ్చుపడతాయి. టీచరు పాపం దానినే పేరనుకుని పిలుస్తుంది. పిల్లవాడు పలకడు. ప్రయాణానికి ముందే అన్ని కాగితాల మీదా పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి. ఎలా పిలవాలో మొదటి రోజునే టీచరుకు చీటీ వ్రాసి ఇవ్వండి.

సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితే కిండర్ గార్టెన్. ఇక్కడ ఒకటో తరగతి అయిపోయింది గదా, అక్కడ రెండులో వేయమని పట్టుబట్టే వారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. వేసేది పిల్లవాణ్ణి గాని, మన పరువును కాదు గదా!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చేర్పించే కాగితాలలో ఒకటి, “ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? బిడ్డ ఏ భాష మాట్లాడుతుంది?” అని అడుగుతుంది. మనవాళ్ళలో చాలామంది ‘ఇంగ్లీషు’ అని వ్రాసి వస్తారు. తెలుగు అని వ్రాస్తే పిల్లవాణ్ణి వెనకబడిన వారితో కూర్చోబెడతారని భయం. ఈ భయం ఎవరు పుట్టించారో గాని దీనివల్ల నష్టమే ఎక్కువ. తెలుగు అని వ్రాస్తే నాలుగు వారాల్లోగా ఇంగ్లీషు ఎంత వచ్చో చిన్న పరీక్ష చేస్తారు. వస్తే సరే, రాకపోతే ప్రత్యేకంగా నేర్పుతారు. అది వద్దనుకుంటే వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకే ఉంది. ఇంకో విశేషం వినండి. నాలుగేళ్ళు నిండిన పిల్లలకు టెక్సాస్‌లో ఉచితంగా ప్రీ-కిండర్ గార్టెన్ దొరికేది అందరికీ కాదు. బీదవారికి, సైనికుల పిల్లలకు, మరి కొందరికి మాత్రమే. ఆ కొందరిలో ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థం చేసుకోలేని పిల్లలు కూడా ఉన్నారు. ఉన్న నిజం వ్రాసిన తల్లికి ఏడాది పాటు ప్రైవేటు బడి ఖర్చు మిగలవచ్చు.

ఈ ‘ఇంగ్లీషు’ అని వ్రాసి రావడానికీ, తరువాత బడిలో నోరు మెదపకపోవడానికీ మూలం ఒకటేనని నాకనిపిస్తుంది. పిల్లవాణ్ణి పంతులుగారికి అప్పగించాక మనం మధ్యలో కలగజేసుకోకూడదు, అది మర్యాద కాదు అని మనం పెరిగాం. అక్కడ ఆ మౌనాన్ని మర్యాద అనుకోరు. తల్లిదండ్రులకు ఏ ఇబ్బందీ లేదు కాబోలు అనుకుంటారు.

ఆ ప్రాంతం నుంచే ఒక తల్లి వ్రాసిన ఉత్తరం నా దగ్గరుంది. రెండో తరగతిలో ఉండగా కొడుకు సంగతి మాట్లాడడానికి టీచరు పిలిచిందట. “చాలా మంచి పిల్లవాడు, నెమ్మదస్తుడు, అల్లరే లేదు” అన్నదట. భార్యాభర్తలు సంతోషించి, కృతజ్ఞతలు చెప్పి, మిఠాయి డబ్బా ఇచ్చి వచ్చారు. ఇప్పుడు పిల్లవాడు నాలుగులో ఉన్నాడు. పుస్తకం తీసి నాలుగు వాక్యాలు వరుసగా చదవలేడు. “మొద్దు అని వాళ్ళ నాన్నగారు కోప్పడుతున్నారు. వాడు అన్నం దగ్గర కూడా మాట్లాడడం మానేశాడు” అని వ్రాసింది ఆమె.

అమ్మా, మీ వాడు మొద్దు కాడు. తెలివైన పిల్లలకు కూడా అక్షరాలు పట్టుబడని డిస్లెక్సియా వంటి ఇబ్బందులుంటాయి. మీరు చేయవలసింది ఒకటే. ఈ రోజే ఒక ఉత్తరం వ్రాయండి. తేదీ వేసి, “మా అబ్బాయికి చదవడంలో ఇబ్బంది ఉందని మాకు అనుమానంగా ఉంది. ప్రత్యేక విద్య అవసరమేమో తేల్చడానికి పూర్తి పరీక్షలు చేయించండి” అని హెడ్మాస్టరుకూ, డిస్ట్రిక్టులో ప్రత్యేక విద్య చూసే అధికారికీ పంపండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. నోటితో చెపితే చాలదు. వ్రాతపూర్వకంగా అడిగితే, టెక్సాస్‌లో 15 బడి దినాలలో జవాబు చెప్పి తీరాలి. మీరు ఒప్పుకుని సంతకం చేశాక 45 బడి దినాలలో పరీక్ష నివేదిక రావాలి. ఖర్చు మీది కాదు. తరువాత జరిగే సమావేశంలో మీరూ ఒక సభ్యురాలే. ఇంగ్లీషు ధారాళంగా రాకపోతే దుబాసీని ఏర్పాటు చేయమని అడగండి, అది వారి బాధ్యత. ఇదంతా 1975లో వచ్చిన కేంద్ర చట్టం తల్లిదండ్రులకు ఇచ్చిన హక్కు. ఈలోగా వాళ్ళ నాన్నగారిని ఆ మాట అనవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

హక్కు ఉన్నంత మాత్రాన దానంతట అదే చేతికి రాదు. టెక్సాస్ విద్యాశాఖ 2004లో ఒక లెక్క పెట్టింది. ఏ డిస్ట్రిక్టులోనైనా ప్రత్యేక విద్య పొందే పిల్లలు నూటికి ఎనిమిదిన్నర మందికి మించకుండా ఉంటే మంచి మార్కులు వేసింది. ఇక చెప్పేదేముంది? బడులు పిల్లలను పరీక్ష చేయించడమే తగ్గించాయి. అవసరమున్న పిల్లలకు కూడా ‘ఇంకొన్నాళ్ళు చూద్దాం’ అని చెప్పి పంపేశారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా ఈ సంగతి లోకానికి తెలియలేదు. 2017లో ఆ లెక్కను నిషేధిస్తూ చట్టం చేశారు. అది కేంద్ర చట్టానికి విరుద్ధమని 2018లో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. ఈలోగా ఎందరు పిల్లల బాల్యం గడిచిపోయిందో! అందుకే ‘చూద్దాం’ అన్న జవాబు వస్తే, అదే కాగితం మీద వ్రాసి ఇమ్మనండి.

టీచరు పిలిచినప్పుడు దొరికేది పదిహేను ఇరవై నిమిషాలు. పొగడ్తలు వింటూ కూర్చుంటే అవి చాలవు. “ఈ తరగతికి ఎంత చదవగలగాలి, మావాడు ఎంత చదువుతున్నాడు, ఎవరితో ఆడుకుంటున్నాడు” అని అడగండి. బడిలో ఉన్న మీ బిడ్డ రికార్డులు చూపించమని కూడా అడగవచ్చు. 1974 నాటి చట్టం ప్రకారం 45 రోజులలోగా చూపించాలి.

తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘం అని ఒకటుంటుంది. పి.టి.ఏ. అంటారు. 1897లో ఇద్దరు స్త్రీలు తల్లుల మహాసభగా మొదలుపెట్టిందది. చందా కొద్దిపాటి సొమ్ము. మనవాళ్ళు చందా కట్టి ఊరుకుంటారు. నెలకు ఒక పూట వెళ్ళి లైబ్రరీలో పుస్తకాలు సర్దినా, బడిలో ఏం జరుగుతున్నదో కాగితాల కంటే బాగా తెలుస్తుంది.

ఇంకా పైన ఉన్నది బోర్డు. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో, ఏ బడి మూసేయాలో నిర్ణయించేది వారే. ఫలానా బడి కోసమని అప్పు చేసి ఇల్లు కొన్నాక గీత మారిందని లబోదిబోమంటే లాభం లేదు. ఆ గీత గీసే సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి. పౌరులు కానివారికి టెక్సాస్‌లో ఓటు లేదు. (శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రం 2016లో ప్రజలే ఓటు వేసి, పౌరులు కాని తల్లిదండ్రులకు కూడా స్కూలు బోర్డు ఎన్నికలో ఓటిచ్చారు.) ఓటు లేకపోయినా మాట ఉంది. 2019 నుంచి టెక్సాస్‌లో, ఆనాటి కార్యక్రమంలో ఉన్న ఏ అంశం మీదనైనా మాట్లాడతానన్న వారికి అవకాశం ఇచ్చి తీరాలి. ముందుగా పేరు ఇవ్వాలి, దొరికేది రెండు మూడు నిమిషాలు. అంతమాత్రానికి వణికిపోనక్కరలేదు, కాగితం చూసి చదవవచ్చు. ఇది పరాయి దేశపు వింత అనుకోకండి. మన 2009 విద్యాహక్కు చట్టంలో కూడా బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలని వ్రాసి ఉంది. మీ వీధి చివరి సర్కారు బడిలో ఆ కమిటీ ఎవరో మీకు తెలుసా?

సెలవుల సంగతి చెప్పి ముగిస్తాను. దీపావళికో ఉగాదికో బిడ్డను ఇంట్లో ఉంచుకోవాలంటే చీటీ వ్రాసి పంపండి. మతపరమైన పండుగకు సెలవు ఇవ్వాలని టెక్సాస్ చట్టంలోనే ఉంది. పిన్ని కూతురి పెళ్ళి మాత్రం ఆ లెక్కలోకి రాదు. నూటికి 90 రోజులు హాజరు కాకపోతే ఆ ఏటి చదువు లెక్కకు రాకపోయే ప్రమాదముంది. పైగా అక్కడ బడికి రాష్ట్రం ఇచ్చే డబ్బు పిల్లల హాజరును బట్టి ఉంటుంది గనుక, మూడు వారాలు ఇండియా వెళతామంటే వారి ముఖం చిన్నబోవడం సహజం. ముహూర్తం పెట్టించేటప్పుడే వేసవి సెలవులు చూసుకోమని వియ్యాలవారితో అమ్మమ్మలే చెప్పాలి.

మనుమణ్ణి బడి నుంచి తీసుకురావడానికి తాతగారు వెళ్ళేట్టుంటే, తీసుకువెళ్ళదగిన వారి పట్టికలో ఆయన పేరు ముందే వ్రాయించండి. ఆఫీసులో గుర్తింపు కాగితం చూపమంటారు. అవమానమనుకోకుండా పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వెళ్ళమనండి.