రెండు నిమిషాల విమానం

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు విమాన దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. మన శంషాబాద్ రన్‌వే అంతకంటే పొడవు! టైంటేబుల్ ప్రకారం ప్రయాణం రెండు నిమిషాలు, రికార్డు 53 సెకన్లు. పర్యాటకులు ముచ్చటపడి ఎక్కి సర్టిఫికెట్ పుచ్చుకుంటారు, సరే. కానీ 1967 నుంచి లోగాన్ఎయిర్ సంస్థ నడుపుతున్న ఈ బుల్లి విమానం అక్కడి టీచర్లకు, రోగులకు పల్లెవెలుగు బస్సే. వందమందైనా లేని పాపా వెస్ట్రే దీవికి స్థానిక కౌన్సిల్ సబ్సిడీ ఇవ్వడం దుబారా అనేవాళ్లు చలికాలంలో ఆ సముద్రాన్ని పడవలో దాటి చూడాలి. ప్రాంతీయ విమాన మార్గాలకు సబ్సిడీ ఇచ్చే మన ఉడాన్ పథకంలో రూటుకు ఆసరా కొన్నేళ్లే. ఆపైన అది బతకాలో వద్దో టిక్కెట్ల అమ్మకాలకే వదిలేస్తున్నాం. కొండప్రాంతాలకు, దీవులకు ఆ గడువు ఎత్తేయాలి.