క్లైమాక్సు డబ్బిచ్చి చెప్పించుకుంటారా?

సస్పెన్స్ పిక్చరుకెళ్ళి, ఇంటర్వెల్లో పక్క సీటువాడికి డబ్బులిచ్చి "హంతకుడెవరు గురూ?" అని అడుగుతామా? అడగం! మరి సెల్‌ఫోన్లో సుడోకు ఆడుతూ, ఒక గడి దగ్గర ఆగిపోగానే డబ్బు కట్టి 'హింటు' కొనుక్కోవడం ఏమిటి చెప్పండి?

పేరు జపానుదేగానీ, ఈ పజిలు 1979లో అమెరికాలో హోవర్డ్ గార్న్స్ అనే ఆర్కిటెక్టు చేతిలో పుట్టింది. 1984లో జపాను పత్రికకెక్కి సుడోకు అయింది.

దీనికి లెక్కలు రానక్కర్లేదు. ఉన్నవి 81 గళ్ళు. అడ్డు వరసలో, నిలువు వరసలో, తొమ్మిది గళ్ళ పెట్టెలో 1 నుంచి 9 దాకా ఒక్కో అంకె ఒక్కసారే రావాలి. డబుల్ రోల్ నిషేధం అన్నమాట!

ముందు ఎక్కువసార్లు కనిపించే అంకెను పట్టుకోండి. 5 అనుకుందాం. 5 ఉన్న వరసలన్నీ కంటితోనే కొట్టేస్తూ రండి. ఏదైనా పెట్టెలో దానికి ఒక్క గడే మిగిలిందా? రాసేయండి!

ఆగిపోయారా? ఖాళీ గళ్ళ మూలల్లో, రాదగ్గ అంకెలు పెన్సిలుతో చిన్నగా వేసుకోండి. ఒకే వరసలో రెండు గళ్ళకి 3, 7 మాత్రమే మిగిలితే, ఆ వరసలో ఇంకెక్కడా 3, 7 రావు. కొట్టేయండి. దారి తెరుచుకుంటుంది.

గుడ్డిగా ఊహించి మాత్రం వేయకండి. ఒక్క అంకె తప్పితే చివర్లో కథంతా తారుమారు!

ఇవాళ కొన్న అంకె రేపటి పజిలుకి పనికిరాదు. మీరు నేర్చిన ఉపాయం పనికొస్తుంది. ఆ మిగిలిన డబ్బుతో... హాయిగా మ్యాట్నీ చూడండి!