దండెం మీద కనిపించని గుడ్డ

మీ ఇంటి దండెం మీద ఏమేమి ఆరుతూ ఉంటాయో ఎప్పుడైనా గమనించారా? నాయన పంచె, అమ్మ చీర, మీ బడి బట్టలు, తువ్వాళ్ళు, పసిపిల్ల ఉంటే పొత్తిగుడ్డలు. చివరకు ఇల్లు తుడిచిన పాతగుడ్డ కూడా దర్జాగా వీధివైపే వేలాడుతూ ఉంటుంది. అయితే ఎన్నో ఇళ్ళలో వాడుకలో ఉండి కూడా, దండెం మీద ఎన్నడూ కనిపించని గుడ్డ ఒకటుంది. ఆడవాళ్ళు నెలసరి రోజుల్లో వాడుకునే గుడ్డ అది. ఈ నెల నేను చెప్పబోయేది దాని సంగతే.

ఈ మాట చదవగానే కొందరు అబ్బాయిలు పేజీ తిప్పేయబోతారు. కొందరు అమ్మాయిలు పత్రిక మూసి, ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కకు చూస్తారు. ఇద్దరూ కాస్త ఆగండి. గుండె గురించి, మూత్రపిండాల గురించి ఎలా చదువుతామో దీని గురించీ అలాగే చదువుదాం.

నేను పుట్టింది కర్నూలు జిల్లాలో, ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో. అటు ఆదోని పత్తి మార్కెట్టు, ఇటు ఎమ్మిగనూరు మగ్గాలు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టింది ఆ ఊళ్ళోనే. అంటే పత్తికీ గుడ్డకూ కొదవలేని చోటన్నమాట. 1983లో, ఎనిమిదో తరగతి చదువుతుండగా నేను పెద్దమనిషినయ్యాను. పందిరి వేశారు, చిమ్మిలి తినిపించారు, మైకు సెట్టు పెట్టి ఊరంతటినీ భోజనాలకు పిలిచారు. ఇప్పుడైతే ఫోటోతో ఫ్లెక్సీలు కూడా కడుతున్నారు. మరుసటి నెల వచ్చేసరికి ఆ సందడంతా ఏమైపోయిందో తెలియదు. మొదటిసారి మైకులో చెప్పిన సంగతి, రెండోసారి నుండి చెవిలో కూడా చెప్పకూడదట!

మా అవ్వ పాత నూలు చీర చింపి నాలుగు గుడ్డలు చేతికిచ్చింది. ఎవరూ లేవకముందే ఉతుక్కోమంది. పశువుల కొట్టంలో జొన్నసొప్ప వెనుక ఆరేసుకోమంది. మగవాళ్ళ కంట పడకూడదు, పాము దాటితే పిల్లలు పుట్టరు అని భయం కూడా పెట్టింది. గాలీ వెలుతురూ లేని ఆ మూలలో గుడ్డ ఎప్పుడూ పూర్తిగా ఆరేది కాదు. ఆ చెమ్మగుడ్డనే మళ్ళీ వాడేదాన్ని. దురద, మంట. ప్రతి నెలా నాలుగు రోజులు బడి మానేదాన్ని. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంతకన్నా నేను సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. బి.ఇడి. పూర్తిచేసి సైన్సు టీచరునయ్యాక, కౌమార దశ పాఠం వచ్చినప్పుడల్లా "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని తరువాతి పాఠానికి వెళ్ళిపోయేదాన్ని. ఒకటి రెండేళ్ళు కాదు, చాలా ఏళ్ళు అలాగే చేశాను. కిరణజన్యసంయోగక్రియను రెండు పీరియడ్లు చెప్పిన నోరు, దీనికి పెగల్లేదు.

ఇంతకూ అందులో దాచవలసినదేముంది? ప్రతి నెలా గర్భాశయం లోపలి గోడ మీద రక్తనాళాలతో నిండిన మెత్తని పొర ఒకటి పెరుగుతుంది. పిండం ఏర్పడితే దానికి పరుపుగా ఉండడానికే ఈ ఏర్పాటు. ఆ అవసరం రాకపోతే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తగ్గిపోతుంది, పొర ఊడి కొంత రక్తంతో కలిసి బయటకు వస్తుంది. మొత్తం రక్తం ఎంతనుకుంటున్నారు? ఎక్కువమందిలో 30 నుండి 40 మిల్లీలీటర్లు. మన హోటళ్ళలో ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగమన్నమాట. అదీ నాలుగైదు రోజుల మీద. గుడ్డ మీద పరుచుకున్నప్పుడు ఎక్కువగా కనబడుతుందంతే. ఎవరికైనా గంటకో గుడ్డ తడిసిపోతూ, మనిషి నీరసించిపోతుంటే మాత్రం అది డాక్టరుకు చూపించవలసిన విషయం.

ఇది చెడు రక్తం కాదు, విషం కాదు. చదువు రానివాళ్ళే ఇలా అనుకున్నారని మా అవ్వను చూసి నవ్వకండి. 1920లో వియన్నా నగరంలో బేలా షిక్ అనే పేరుమోసిన వైద్యుడు, నెలసరిలో ఉన్న పనిమనిషి ముట్టుకున్న పూలు వాడిపోయాయని చూసి, ఆమె ఒంటి నుండి ఏదో విషం వెలువడుతోందని ప్రకటించాడు. దానికి 'మెనోటాక్సిన్' అని పేరు కూడా పెట్టారు. ఆ విషం కోసం ఎన్నో ఏళ్ళు వెతికారు. దొరకలేదు, ఎందుకంటే అలాంటిదేదీ లేదు. ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందనే మాటకూ, ఆ డాక్టరు గారి మాటకూ తేడా ఏమిటో నాకు కనబడదు. జాడీలోకి తడి గరిటె వెళ్తే బూజు పడుతుంది, ఎవరు ముంచినా సరే.

ఇక గుడ్డ సంగతికి వద్దాం. మా అవ్వ ఇచ్చిన గుడ్డలో తప్పు లేదు. నూలు పోగులు సెల్యులోజుతో తయారైనవి, సెల్యులోజుకు నీరంటే ఇష్టం. పోగుల మధ్య సన్నని సందుల్లోకి ద్రవం కేశనాళికల్లో పాకినట్టు పాకుతుంది. గంజి పెట్టిన కొత్తగుడ్డ కంటే, ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర బాగా పీల్చుకుంటుంది. పాలియెస్టర్ గుడ్డ మీద నీటి చుక్క వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఉతకడంలోనూ ఒక కిటుకుంది. మొదట చన్నీళ్ళలోనే నానబెట్టాలి. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడుతుంది కదా, రక్తంలోని ప్రొటీన్లూ అంతే. వేడినీళ్ళు పోస్తే మరక గుడ్డకు పట్టేస్తుంది. చన్నీళ్ళలో రక్తం వదిలాక సబ్బు పెట్టి రుద్ది, నురగ పోయేదాకా జాడించాలి.

తప్పంతా ఆరేయడంలో ఉంది. సూక్ష్మజీవులకు బతకడానికి తడి కావాలి. మే నెలలో మీ అవ్వలు మిద్దె మీద వడియాలు, గోరుచిక్కుడు వరుగులు, మజ్జిగ మిరపకాయలు ఎండబెడతారు కదా! అవి ఏడాదంతా ఎందుకు చెడిపోవు? వాటిలో తడి లేదు గనుక. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు సూక్ష్మజీవులను చంపుతాయి. వరుగులకు తెలిసిన ఈ విద్యను ఒక్క ఈ గుడ్డకు మాత్రం మనం నిరాకరించాం.

ఇది నా ఊహ కాదు. ఒడిశాలో ఆసుపత్రులకు వచ్చిన ఐదువందల మందికి పైగా స్త్రీలను పరీక్షించి, 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. మళ్ళీ మళ్ళీ గుడ్డ వాడేవారిలో కాండిడా అనే శిలీంధ్రపు వ్యాధి ఎక్కువగా కనిపించింది. గుడ్డ వాడేవారిలోనూ దానిని ఇంటి లోపల ఆరేసేవారికి, మరుగుదొడ్డిలో దాచుకునేవారికి ఆ బెడద ఎక్కువగా ఉంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, మన దేశంలో 15 నుండి 24 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో దాదాపు సగం మంది గుడ్డ వాడుతున్నామని చెప్పారు. వారిలో ఎంతమంది ఎండలో ఆరేస్తున్నారో మీ ఊళ్ళో మీరే ఊహించండి.

మన కర్నూలు, కడప జిల్లాలకు వాన తక్కువ. ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడితే గొప్ప. కాని ఎండకు కరువా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అన్నట్టు, 2014 నుండి మే 28ని ప్రపంచ నెలసరి పరిశుభ్రత దినంగా జరుపుతున్నారు. అది సరిగ్గా రోహిణి కార్తెలోనే వస్తుంది! డబ్బు పెట్టి కొనే క్రిమిసంహారక మందు చేసే పనిని, మన మిద్దె మీది కడప బండ ఉచితంగా చేసి పెడుతుంది. మనం చేయవలసిందల్లా గుడ్డను దాని మీదికి తేవడమే. అడ్డు వచ్చేది సిగ్గొక్కటే.

ఒక మార్చి నెలలో, ఒంటిపూట బడులు మొదలుకాకముందు, తొమ్మిదో తరగతిలో ఒక ప్రయోగం చేయించాను. ఒకే కొలత గల రెండు పాత నూలు గుడ్డలు తడిపి పిండాం. ఒకటి ఎండలో తాడు మీద, రెండోది గదిలో బల్ల వెనుక తువ్వాలు కప్పి వేశాం. ఎండలోది ముప్పావుగంటలో పెళపెళలాడింది. గదిలోది బడి విడిచే వేళకు కూడా చెమ్మగానే ఉంది. వేళలన్నీ బోర్డు మీద రాశాక, ఇదెందుకు చేయించానో చెప్పాను. నవ్వులు వచ్చాయి, కాసేపటికి ఆగిపోయాయి. వెనుక బెంచీలో ఒక అబ్బాయి లేచి, "మరి ముసురు పట్టినప్పుడు ఏం చేయాలి మేడం?" అన్నాడు. ఆ పీరియడులో వచ్చిన ప్రశ్నలన్నిటిలో మంచి ప్రశ్న అదే. ఫ్యాను కింద ఆరేసి, వేడి ఇస్త్రీ పెట్టెతో రుద్దితే సరిపోతుందని చెప్పాను.

దుకాణంలో కొనే న్యాప్‌కిన్లు ఉండగా ఈ తిప్పలెందుకని మీలో కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో, ప్రభుత్వ పాఠశాలల్లో ఏడో తరగతి నుండి ఇంటరు దాకా చదివే అమ్మాయిలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఉచితంగా ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. దానివల్ల బడి మానకుండా వచ్చిన పిల్లలు నాకు తెలుసు. బడిలో, బస్సులో, నీళ్ళు లేని చోట న్యాప్‌కినే మేలు. దానిని నేను కాదనను.

కాని ఒక లెక్క వేయండి. పన్నెండో ఏట మొదలై యాభై ఏళ్ళ దాకా, నెలకు పది చొప్పున 38 ఏళ్ళకు 4,560. ఇది ఒక్క మనిషి లెక్క. న్యాప్‌కిన్ పైపొర, అడుగుపొర సాధారణంగా ప్లాస్టిక్కు. మధ్యలో కొయ్యగుజ్జు, నీటిని పీల్చి ఉబ్బే సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి ఉంటాయి. ఆ ప్లాస్టిక్కు మట్టిలో కలవడానికి వందల ఏళ్ళు పడుతుంది. ఇప్పుడవి వంకల్లోకి, మరుగుదొడ్ల గొట్టాల్లోకి వెళ్తున్నాయి. వాటినీ చీకట్లోనే విసిరేస్తున్నాం కదా! ఘనవ్యర్థాల నియమాల ప్రకారం విడిగా పొట్లం కట్టి ఇవ్వాలి. కాని పొట్లం చేతికివ్వాలంటే మళ్ళీ అదే సిగ్గు.

అందుకే ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో గుడ్డ వాడుకోవచ్చునని నా అభిప్రాయం. ఇప్పుడు పాత చీర పీలికలే కానక్కరలేదు. మడతలు పెట్టి కుట్టి, జారకుండా గుండీలు పెట్టిన నూలు ప్యాడ్లు వచ్చాయి. పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్‌లో ఎకోఫెమ్ అనే సంస్థ 2010 నుండి వీటిని కుట్టిస్తోంది. కుట్టుమిషను ఉన్న ఇంట్లో మీరే కుట్టుకోవచ్చు. ఉతుక్కుంటూ వాడితే ఐదారు ప్యాడ్లు రెండు మూడేళ్ళు వస్తాయి.

మెత్తని సిలికోన్‌తో చేసిన కప్పు మరొకటి. ఇదేమీ నిన్నమొన్నటిది కాదు. 1937లోనే అమెరికాలో లియోనా చామర్స్ అనే ఆమె ఇలాంటి కప్పుకు పేటెంటు పొందింది. సరిగా వాడుకుంటే ఒకే కప్పు పదేళ్ళ దాకా వస్తుంది, గుడ్డలా బకెట్ల కొద్దీ నీళ్ళు అడగదు. కడిగి, నెలకొకసారి మరిగే నీటిలో వేస్తే చాలు. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే మన ఊళ్ళకు ఇది చిన్న విషయం కాదు. 43 పరిశోధనలను కలిపి చూసి 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వేసిన వ్యాసం, ఇది న్యాప్‌కిన్లతో సమానంగా పనిచేస్తుందని తేల్చింది. వాడకం అలవాటు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కొచ్చి దగ్గర కుంబళంగి పంచాయతీలో ఊరివాళ్ళకు కప్పులు పంచి, ఎలా వాడాలో నేర్పారు. 2022 జనవరిలో అది న్యాప్‌కిన్ రహిత గ్రామంగా పేరు తెచ్చుకుంది. మీ వయసులో కప్పు వాడాలా వద్దా అన్నది అమ్మతోనో, ఊరి నర్సమ్మతోనో మాట్లాడి నిర్ణయించుకోండి. తొందరేమీ లేదు.

కిందటేడు మా అమ్మాయి తన నూలు ప్యాడ్లు ఉతికి మా మిద్దె మీద వీధివైపు దండేనికి వేసింది. మా అమ్మ మోకాళ్ళ నొప్పితో కూడా పైకెక్కి, వాటి మీద తువ్వాలు కప్పి వచ్చింది. నేను తీసేశాను. మరునాడు మళ్ళీ కప్పింది. అప్పుడు ఆమెను కూర్చోబెట్టి, బడిలో చేసిన ప్రయోగం సంగతి, ముప్పావుగంట లెక్క చెప్పాను. నా చిన్ననాటి దురదల సంగతి కూడా ఆ రోజే మొదటిసారి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అట్లయితే తువ్వాలు తీసెయ్, కాని వీధివైపు వద్దు, పెరటివైపు వెయ్యండి" అంది.

పెరట్లోనూ ఎండ అంతే పడుతుంది గనుక ఒప్పుకున్నాను.