సంగీతం పాడని బండి

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మనకొక సామెత వున్నది. పైకి వెక్కిరింతే గాని, యిందులో బండికి కాస్త మెప్పు కూడా వుంది. పాపం, ఎడ్లబండి తన బాధ దాచుకోదు. ఇరుసు ఎండితే కిర్రుమంటుంది. బండి పొలిమేర దాటకముందే ఊరందరికీ ఆ సంగతి తెలుస్తుంది. బండివాడు దిగి, ఆముదంతో తడిపిన గుడ్డపేలిక ఇరుసుకు రాస్తాడు. రోగం, మందు అక్కడితో సరి.

ఈ కాలపు ఖరీదైన బళ్లకు ఆ సంగీతం రాదు. లెక్సస్ ఎల్.ఎక్స్. 470 అనే బండి సంగతి చూడండి. టొయోటా వారి లాండ్ క్రూయిజరుకే జరీ అంచు పట్టుబట్ట కట్టినట్లుంటుంది. 1998లో వచ్చింది, 2007 దాకా తయారయింది. బరువు సుమారు 2,450 కిలోలు. కొండలెక్కుతుంది, ఇసుకలో నడుస్తుంది, లోపల కూర్చున్నవారికి మాత్రం దివాణంలో వున్నట్లే వుంటుంది. మీట నొక్కితే, ఏనుగు మావటి కోసం వొంగినట్లు, ఎక్కే వారి కోసం కిందికి దిగుతుంది. మళ్లీ నొక్కితే రాళ్లు తగలకుండా పైకి లేస్తుంది.

దీని కిటుకు నూనెలో వుంది. బండికి ఇనప స్ప్రింగులున్నాయి గాని, బరువంతా అవే మోయవు. మిగిలిన భారం షాకబ్జర్లలో నిండివున్న ఒక పల్చని నూనెది. ఒక్కొక్క చక్రానికీ ఒక ఇనప గుండు వుంటుంది. గుండు లోపల పొర, పొరకు ఒకవైపు నూనె, రెండోవైపు నత్రజని. నూనెను ఎంత నొక్కినా దాదాపు కుంచించుకుపోదు. నత్రజని కుంచించుకుని మళ్లీ పొంగుతుంది. చక్రం గతుకులో పడ్డప్పుడు నూనె ఆ దెబ్బను చేరవేస్తుంది, నత్రజని దాన్ని మింగేస్తుంది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె వేడికి, తేమకు, రబ్బరు అరుగుదలకు లోనై గోధుమరంగుకూ, నలుపుకూ తిరుగుతుంది. బండి మాత్రం కిమ్మనదు. కుదుపు కొంచెం పెరుగుతుంది, లేవడానికి కొంచెం ఆలస్యమవుతుంది. యజమాని రోడ్డును తిట్టుకుంటాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి మోటారు గొడవ దేనికని అడుగుతారేమో. మాట కోసమేనండి! సంస్కృతంలో నూనెకు "స్నేహం" అని పేరు. ఎవరితో పడితే వారితో స్నేహం పనికిరాదన్నది యిక్కడ అక్షరాలా నిజం. ఈ తరహా నూనె బళ్లకు పెద్దన్న ఫ్రెంచివారి సిట్రోయెన్ డి.ఎస్. 1955లో పారిస్ ప్రదర్శనలో బయటపడింది. మొదట్లో దానిలో పోసిన ద్రవం గాలిలోని తేమను పీల్చుకుని లోపలి భాగాలకు తుప్పు పట్టించేది. అంచేత 1966లో ఆకుపచ్చని ఖనిజ తైలానికి మారారు. ఒకదానికి పనికొచ్చే రబ్బరు రెండోదానికి పనికిరాదు. పొరపాటున ఒకదాని బదులు మరొకటి పోస్తే రబ్బరు పాడై బండి మూలపడుతుంది. అందుకే తయారుదారు పేరుపెట్టి చెప్పిన నూనెనే పోయాలి. "ఇదీ నూనే గదా" అనే మాట యిక్కడ చెల్లదు.

మార్చే పద్ధతి చెప్పడానికి తేలికే. బండిని చదునైన నేలమీద నిలిపి, మీటతో అన్నిటికన్న కింది మెట్టుకు దించి, ఇంజను ఆపుతారు. చక్రం దగ్గరి చిన్న మరకు గొట్టం తగిలించి, కొస సీసాలో పెట్టి, మర మెల్లగా సడలిస్తారు. పాత నూనె దిగుతుంది. మర బిగించి, పై డబ్బాలో కొత్త నూనె పోసి, ఇంజను నడిపి బండిని లేపుతారు. ప్రతి చక్రం దగ్గరా తేట నూనె వచ్చేదాకా యిదే వరస. డబ్బా మాత్రం ఖాళీ కారాదు. ఖాళీ అయితే గాలి చొరబడుతుంది, బండి లేవడానికి మొరాయిస్తుంది. ఇంకొక మాట: గుండ్లలోని నత్రజని తరిగిపోయివుంటే కొత్త నూనె పోసినా కుదుపు తగ్గదు. అప్పుడు మార్చవలసింది గుండ్లను. ముందు అది తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది.

అసలు చెప్పవలసింది యిప్పుడు చెబుతాను. ముందు చక్రాల వైపు నూనెలో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 70 కిలోలు. మర తిప్పగానే నూనె చిమ్ముతుంది. ఆ నూనె మోస్తున్న బండి ఒక్కసారిగా కూలబడుతుంది. క్షణం క్రితం మనిషి దూరేటంత సందు వున్నచోట, మరుక్షణం చెయ్యి పట్టే సందు కూడా వుండదు. ఇది బండి చెడిపోవడం కాదు, దాని స్వభావం. అందుచేత ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు నాలుగూ పడాలి. జాకీ ఒక్కటే చాలదు. కళ్లకు అద్దాలుండాలి. స్టాండ్లు పడ్డాకనే మనిషి కిందికి దూరాలి, అప్పుడే మర మీద చెయ్యి పడాలి.

బండి కొన్నవాడు సాధారణంగా ఆ కింద పడుకోడు. పడుకునేది రోజుకూలికి వచ్చిన మెకానిక్కు. గల్ఫు దేశాల షెడ్లలో యిలాంటి బళ్ల కింద పనిచేసేవారిలో మన తెలుగువాళ్లూ వున్నారు. "ఒక గంటలో అయిపోవాలోయ్" అని యజమాని తొందరపెడితే, ఆ తొందరలో మొదట ఎగిరిపోయేవి స్టాండ్లే. అంత ఖరీదైన బండికి నాలుగు స్టాండ్లు బరువా?

ఎడ్లబండి తానే అరిచి కందెన అడిగేది. ఈ బండి అడగదు. కింద వున్న మనిషీ యజమానితో గట్టిగా అడగలేడు. కాబట్టి నూనె రంగు చూడటమే కాదు, స్టాండ్లు పడ్డాయో లేదో వంగి చూడటమూ బండిగలవాడి పనే.