ఎండిన బోరు మూయనోళ్లు గాలిని మూస్తరట!

షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్ల పెద్ద పెద్ద యాంటెన్నాలు ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. అక్కడే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కూడా కొలుస్తారు. 2014లో ఏడాది సగటు పది లక్షల పాళ్లలో 394 పాళ్లని లెక్క తేల్చారు. మంచిదే. మరి అదే చుట్టుపక్కల మన తండాల్లో ఎన్ని ఎండిన బోర్లు నోరు తెరుచుకుని ఉన్నాయి? ఆ లెక్క మాకు ఇంతవరకు ఎవరూ చూపలేదు.

ఈ రెండు లెక్కలకూ సంబంధం ఉంది. ఫ్యాక్టరీల పొగలోంచి ఆ గ్యాస్‌ను పట్టి, నేలలోకి దించి దాచాలని 2022 నవంబర్‌లో నీతి ఆయోగ్ నివేదిక వేసింది. పాత చమురు బావులు, లోతైన ఉప్పునీటి పొరలు, బొగ్గు పొరలు, దక్కన్ నల్లరాయి అందుకు పనికొస్తాయంటున్నారు. మన షాద్‌నగర్ కింద ఉన్నది గ్రానైట్, ఇక్కడ దాచరు. కానీ నల్లరాయి పడమట జహీరాబాద్ వైపు ఉంది. బొగ్గు పొరలు గోదావరి వెంట, మన గోండు, కోయ, కొలాం అన్నదమ్ముల కాళ్ల కిందే ఉన్నాయి. అందుకే మాట్లాడుతున్నాం.

గ్యాస్‌ను సాధారణంగా 800 మీటర్ల కంటే లోతుకు దించుతారు. పైన గట్టి రాతి పొర మూతలా ఉంటుంది. ఆ మూతకు మనిషి పెట్టిన చిల్లే బావి. ఇనుప కేసింగ్‌కూ రాతికీ మధ్య సిమెంటు పోస్తారు. కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిస్తే పులుసవుతుంది, సిమెంటును కొరుకుతుంది, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. వెంట్రుక మందం సందు చాలు. పైగా ఆ గ్యాస్ గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది. పాత బావిలో పూడిక తీసే ముందు మన పెద్దలు దీపం దించి చూసింది ఎందుకనుకున్నారు?

అన్నీ అబద్ధాలనడం లేదు. ఐస్‌లాండ్‌లో గ్యాస్‌ను నీళ్లలో కలిపి నల్లరాతిలోకి పంపితే రెండేళ్లలోపే 95 శాతం రాయిగా మారింది. కానీ అమెరికాలోని డెకేటర్‌లో, కాపలా కోసం వేసిన బావికే తుప్పు పట్టి లోపల గ్యాస్ కారిన సంగతి 2024లో బయటపడింది. మన పాశర్లపూడిని మరిచారా? 1995 జనవరిలో అంటుకున్న గ్యాస్ బావి 65 రోజులు మండింది. గోదావరి లోయలో బొగ్గు వెతకడానికి దశాబ్దాలుగా వేసిన రంధ్రాలు వేలల్లో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎట్ల మూశారో కాగితం చూపగలరా?

దూరమెందుకు? ఎండిన బోర్లు కింది నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, గులకరాళ్లతో నింపాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడెంలో ఏడాదిన్నర పాప బోరులో పడింది. రెండు రోజులకు పైగా యంత్రాలన్నీ దిగినా ప్రాణాలతో తీయలేకపోయారు. ఆరంగుళాల చిల్లును మట్టితో పూడ్చడం చేతకాని వ్యవస్థ, వేల అడుగుల బావిని వందల ఏళ్లు కారకుండా కాస్తానంటే ఎట్ల నమ్మాలి?

మన తప్పూ ఉంది. వెయ్యి అడుగులు దించినా చుక్క రాకపోతే అప్పు గుర్తొస్తుంది. కేసింగ్ పైపు పీకి ఇంకో బోరుకు వాడుకుంటాం, చిల్లు మీద బండ పెట్టి ముళ్లకంప వేసి వస్తాం. బండ జరుగుతది, కంప చెదలు తింటది.

2018 చట్టంతో మన తండాలు పంచాయతీలయ్యాయి. సార్లూ, టీచరమ్మలూ, వచ్చే గ్రామసభ లోపల పెద్ద క్లాసుల పిల్లలను వెంటేసుకుని ఎండిన బోర్లు లెక్కపెట్టండి. పట్టాదారు పేరు, లోతు, మూత ఉందా లేదా రాసి తీర్మానంలో ఎక్కించండి. గోదావరి వైపు తమ్ముళ్లూ, మీకు 1996 పెసా చట్టం ఉంది. గ్యాస్ దాచే కాగితం మీ సభకు వస్తే, సంతకం ముందు మూడు మాటలు అడగండి: ఈ చుట్టూ పాత రంధ్రాలు ఎన్ని, ఎట్ల మూశారు, కంపెనీ మూతపడ్డాక బావి కారితే బాధ్యత ఎవరి పేరు మీద ఉంటది? జవాబు మన భాషలో, రాతలో ఇవ్వమనండి.